బత్తాయి ఆకు పసుపెక్కితే ఏది కొనాలి: బస్తానా, సీసానా, పొట్లమా?

అనంతపురం చీనీ తోటల్లోనూ నల్గొండ బత్తాయి తోటల్లోనూ ఉండేది ఎక్కువగా సాత్‌గుడి రకమే. రెండు చోట్లా రైతులను వేధించే ప్రశ్న కూడా ఒకటే: ఆకు పసుపెక్కింది, ఏం వేయాలి? ఒకప్పుడు దీనికి యూరియా బస్తా తప్ప వేరే సమాధానం ఉండేది కాదు. ఇప్పుడు ఎరువుల కొట్లో అరడజను సమాధానాలు వరుసగా పేర్చి ఉన్నాయి. నానో యూరియా సీసా, నీటిలో పూర్తిగా కరిగే 19-19-19 (అంకెలు వరుసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు), చీలేటెడ్ సూక్ష్మపోషకాల పొట్లం, గంధకం పూత వేసిన యూరియా, హ్యూమిక్ యాసిడ్ డబ్బా, జీవన ఎరువులు. వీటిలో చాలావాటికి ఎక్కడో ఒకచోట నిజమైన ఉపయోగం ఉంది. అన్ని చోట్లా పనిచేసేది మాత్రం ఒక్కటీ లేదు.

ఈ సరుకులను ఒకదానితో ఒకటి పోల్చే ముందు పోషకం ఎక్కడ ఆగిపోయిందో తేల్చుకోవాలి. ఆగే చోట్లు మూడు. నేలలోనే అది లేకపోవచ్చు. నేలలో ఉన్నా సున్నమో ఉప్పో పట్టేసి మొక్కకు అందనివ్వకపోవచ్చు. లేదా అందుబాటులో ఉన్నా వేరు పాడై తీసుకోలేకపోవచ్చు. మొదటిదైతే ఎరువు వేయాలి. రెండోదైతే ఎరువు రూపం మార్చాలి, లేదా దారి మార్చి ఆకు మీద పిచికారీ చేయాలి. మూడోదైతే ఎంత ఖరీదైన ఎరువైనా వృథాయే. కొత్త సాంకేతికతలు చాలావరకు రెండో చిక్కు కోసం పుట్టినవి. వాటిని మొదటి చిక్కుకూ మూడో చిక్కుకూ వాడడం వల్లే తోటల్లో ఎక్కువ డబ్బు పోతోందని నా అభిప్రాయం.

ఆకు చెప్పేది, చెప్పనిది

పసుపు ముదురు ఆకుల్లో మొదలైందా, లేత ఆకుల్లోనా అన్నది మొదట చూడాలి. నత్రజని, భాస్వరం, పొటాష్, మెగ్నీషియం మొక్కలో ఒకచోటి నుంచి మరోచోటికి కదులుతాయి. కొరత వచ్చినప్పుడు చెట్టు వాటిని ముదురు ఆకుల్లోంచి లాగి కొత్త చిగురుకు ఇచ్చుకుంటుంది. అందుకే కింది ఆకులు ముందు పాలిపోతాయి. ఇనుము, మాంగనీసు, కాల్షియం, బోరాన్ అంత సులువుగా కదలవు. జింకు కదలిక కూడా తక్కువే. వీటి లోపం చిగురులో బయటపడుతుంది.

బత్తాయిలో ఒక్కో లోపానికీ ఒక్కో గుర్తు ఉంది. నత్రజని తగ్గితే ముదురు ఆకు ఈనెలతో సహా మొత్తం పాలిపోతుంది. మెగ్నీషియం తగ్గితే ముదురు ఆకు అంచుల నుంచి పసుపెక్కుతూ వస్తుంది, కాడ దగ్గర తలకిందులైన ‘వి’ ఆకారంలో మాత్రం పచ్చదనం మిగులుతుంది. ఇనుము తగ్గితే లేత ఆకు అంతా పసుపుకో తెలుపుకో తిరుగుతుంది, సన్నని ఈనెలతో సహా ఆకుపచ్చ వల మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. జింకు లోపంలో ఆకులు చిన్నవై, సన్నబడి, ఈనెల మధ్య కొట్టొచ్చినట్టు పసుపు మచ్చలు వస్తాయి. కణుపుల మధ్య దూరం తగ్గి చిగురు కుచ్చులా గిడసబారుతుంది. మాంగనీసు లోపం దీనికి దగ్గరగా ఉంటుంది గాని ఆకు సైజు తగ్గదు, ఈనెల వెంట ఆకుపచ్చ పట్టీ వెడల్పుగా ఉంటుంది. బోరాన్ తగ్గితే ఆకు కంటే కాయ ముందు చెబుతుంది. కాయ గట్టిపడి, కోసి చూస్తే తొక్క లోపలి తెల్లపొరలో బంక మచ్చలు కనిపిస్తాయి. బొప్పాయిలోనైతే బోరాన్ లోపానికి కాయ మీద బొడిపెలు లేచి ఆకారం చెడిపోతుంది.

తోటలో ఇవి ఇంత విడివిడిగా కనిపించవు. జింకు, మాంగనీసు, ఇనుము లోపాలు కలిసికట్టుగా రావడమే ఎక్కువ. ఎందుకంటే మూడింటినీ పట్టేసేది ఒకే నేల.

అంతకంటే ముఖ్యంగా, లోపంలా కనిపించే ఒక తెగులు ఉంది. సిల్లా పురుగు వ్యాపింపజేసే గ్రీనింగ్ సోకిన చెట్టు కొత్త చిగురు అచ్చం జింకు లోపంలాగే ఉంటుంది. తేడా తెలుసుకోవడానికి ఒక ఆకును మధ్య ఈనె వెంట మడిచి చూడండి. పోషక లోపమైతే పసుపు మచ్చలు రెండు సగాల్లో దాదాపు ఒకేలా ఉంటాయి. గ్రీనింగ్‌లో ఒక సగం ఒకలా, మరో సగం ఇంకోలా, ఈనెలను పట్టించుకోకుండా మచ్చలు పరుచుకుంటాయి. ఆ చెట్టు మీద ఎన్నిసార్లు జింకు చల్లినా రోగం పోదు. అది పక్క చెట్లకు పాకేలోగా నిపుణులకు చూపించాలి. తిరుపతిలోని నిమ్మజాతి పంటల పరిశోధన కేంద్రం గాని, నల్గొండ జిల్లా కొండమల్లేపల్లి పరిశోధన కేంద్రం గాని ఇందుకు సరైన చోట్లు.

అనుమానం తీరకపోతే ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. ఒకే చెట్టుపై లేత చిగురున్న మూడు కొమ్మలకు మూడు రంగుల దారాలు కట్టండి. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఇనుము సల్ఫేటు), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఒక కొమ్మను తడపండి. ఇంకో కొమ్మను లీటరుకు 5 గ్రాముల జింకు సల్ఫేటు కలిపిన నీటితో తడపండి, ఆకు మాడకుండా అందులో కొంచెం సున్నపు తేట పోయండి. మూడోదాన్ని వట్టి నీటితో తడపండి. రెండు వారాల్లో ఏ కొమ్మ ఆకు పచ్చబడిందో చూస్తే కొరత దేనిదో తెలుస్తుంది. ఏ సీసా మీది రాతా దీనికంటే నమ్మదగినది కాదు.

నేల, నీరు, వేరు

ప్రయోగశాల పరీక్షకు మట్టిని తోట నడుమ సాళ్ల నుంచి తీస్తే లాభం లేదు. ఎరువు వేసే చోట, అంటే చెట్టు గొడుగు అంచు కింద, ఒక అడుగు లోతు వరకు ఒక నమూనా, రెండో అడుగుది ఇంకో నమూనా తీయాలి. ఫలితంలో నత్రజని, భాస్వరం, పొటాష్‌ల కంటే ముందు పీహెచ్ (నేల పులుపు, క్షార గుణాల కొలత; 7 దాటితే క్షారం) చూడండి, సున్నం శాతం ఇచ్చి ఉంటే అదీ చూడండి. జింకు సుమారు 0.6 పీపీఎం (కిలో మట్టిలో మిల్లీగ్రాములు) కంటే, బోరాన్ 0.5 పీపీఎం కంటే తక్కువ ఉంటే నేలలోనే కొరత ఉందని అర్థం. ఇనుము దగ్గర మాత్రం ఈ అంకెను గుడ్డిగా నమ్మకూడదు. సున్నపు నేలలో పరీక్ష ఇనుము చాలినంత ఉందని చెప్పవచ్చు, చెట్టు మాత్రం ఆకలితో పసుపెక్కి ఉండవచ్చు.

సున్నం ఉందో లేదో ఇంటి దగ్గరే తెలుసుకోవచ్చు. పొడి మట్టి ముద్దపై పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం రెండు చుక్కలు వేస్తే చురచురమని పొంగుతుంది. ఎంత గట్టిగా పొంగితే అంత సున్నం. బోరు నీటిని కూడా పరీక్ష చేయించాలి. నీటిలో బైకార్బొనేట్లు ఎక్కువైతే మనం డ్రిప్పులో ప్రతిసారీ వేరు పక్కన సున్నం పోస్తున్నట్టే. చాలా తోటల్లో మట్టి పరీక్ష జరుగుతుంది గాని నీటి పరీక్ష జరగదు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. దానికయ్యే ఖర్చు ఒక్క సూక్ష్మపోషకాల పొట్లం ఖరీదుకు మించదు.

చివరిగా గొడుగు అంచు కింద పారతో కాస్త తవ్వి పీచువేరు చూడండి. తెల్లగా, లేతగా ఉంటే మంచిది. నల్లబడి, పై తొక్క చేతికి ఊడివస్తుంటే వేరుకుళ్లు. మట్టి అంటుకుని మురికిగా, గిడసగా కనిపిస్తే నులిపురుగులను అనుమానించాలి. పాదులో నీరు నిలిచినా లేత ఆకు ఇనుము లోపంలాగే పసుపెక్కుతుంది. నీరు తీసేస్తే కొన్ని వారాల్లో తనంతట తానే తేరుకుంటుంది. అప్పటిదాకా ఏమీ కొనకండి.

ఆకు పరీక్షకు అవకాశం ఉంటే చేయించండి. పండ్ల తోటలకు అది మట్టి పరీక్ష కంటే విలువైనది. బత్తాయిలో కాయలు లేని కొమ్మల నుంచి నాలుగైదు నెలల వయసున్న ఆకులు తీయాలి. అరటిలో పైనుంచి మూడో ఆకు, బొప్పాయిలో ఆరో ఆకు తొడిమ తీస్తారు. తప్పుడు ఆకు పంపితే ఫలితం కూడా తప్పే.

ఇనుము: అన్నభేది, ఈడీటీఏ, ఈడీడీహెచ్ఏ

ఎరువు రూపం మారితే ఫలితం పూర్తిగా మారిపోయే చోటు ఇదే. కొత్త సాంకేతికత తన ఖరీదుకు తగిన పని చేసేదీ ఇక్కడే.

సున్నపు నేలలో పాదుకు అన్నభేది వేస్తే నేలను తాకిన కొద్దిసేపటికే అది తుప్పుగా మారిపోతుంది. ఆ తుప్పును వేరు కరిగించుకోలేదు. బస్తాలు పోసినా చిగురు పచ్చబడదు. అదే అన్నభేదిని నిమ్మ ఉప్పుతో కలిపి ఆకు మీద చల్లితే పనిచేస్తుంది, ఎందుకంటే నేలను తప్పించుకుని వెళ్తుంది. కాని ఇనుము ఆకు నుంచి ఆకుకు కదలదు. చల్లిన ఆకు పచ్చబడుతుంది, తర్వాత వచ్చే చిగురు మళ్లీ పసుపుగానే వస్తుంది. అందువల్ల ప్రతి చిగురు దఫాకూ చల్లాల్సిందే. సరుకు చవక, కూలి ఖర్చు ఎక్కువ.

చీలేట్ అంటే లోహాన్ని ఒక సేంద్రియ అణువు చుట్టుకుని పట్టుకోవడం. దానివల్ల నేలలోని సున్నం లోహాన్ని పట్టేయలేదు. అన్ని చీలేట్ల పట్టూ ఒకటి కాదు. ఈడీటీఏ ఇనుమును పీహెచ్ 6.5 దాకా పట్టుకుంటుంది, ఆపైన జారవిడుస్తుంది. డీటీపీఏ 7 దాటి కొంచెం వరకు నిలుస్తుంది. ఈడీడీహెచ్ఏ మాత్రం పీహెచ్ 9 దగ్గర కూడా వదలదు. మన సున్నపు నేలల పీహెచ్ తరచుగా 8 పైనే ఉంటుంది. అక్కడ ఇనుము ఈడీటీఏను పాదుకు పోయడం దాదాపు అన్నభేది పోయడంతో సమానం. చాలా కొట్లలో చీలేటెడ్ ఇనుము అని అడిగితే ఇచ్చేది ఈ ఈడీటీఏనే. పొట్లం మీద చీలేటు పేరు చదవకుండా డబ్బు ఇవ్వకండి.

ఈడీడీహెచ్ఏ ఖరీదైనది. అందులో ఇనుము 6 శాతం దగ్గరే ఉంటుంది, ఈడీటీఏలో 12 శాతం. శాతం చూసి ఈడీటీఏ మేలనుకోకండి, సున్నపు నేలలో లెక్క తిరగబడుతుంది. ఈడీడీహెచ్ఏలోనూ నాణ్యత తేడాలు ఉన్నాయి. మంచి కంపెనీలు ‘ఆర్థో-ఆర్థో’ రూపం ఎంత శాతమో లేబుల్‌పై వేస్తాయి. ఎక్కువ కాలం నిలిచేది ఆ రూపమే కాబట్టి ఆ అంకెను బట్టి ధర పోల్చండి. నీటిలో కలిపితే ద్రాక్షరసంలాంటి ముదురు ఎరుపు రావాలి. పసుపు, గోధుమ రంగు వస్తే అది వేరే సరుకు. దీన్ని ఆకు మీద చల్లకండి, ఎండకు విరిగిపోతుంది. చిగురు రావడానికి ముందు తడి నేలలో, డ్రిప్పర్ కింద పోసి మట్టి కప్పాలి.

నా సలహా ఇది. తోటలో కొన్ని చెట్లే పసుపెక్కి ఉంటే వాటికి మాత్రం ఈడీడీహెచ్ఏ పోయండి. తోట అంతా లోపం ఉంటే చిగురు దఫాలకు అన్నభేది పిచికారీ చేస్తూ, బాగా దెబ్బతిన్న చెట్లకు ఈడీడీహెచ్ఏ ఇవ్వండి. ఇంకా మొక్కలు నాటకముందే నేలలో సున్నం తెలిస్తే వేరుమూలం (అంటు కట్టే కింది మొక్క) ఎంపిక ఈ రెండింటికంటే పెద్ద మందు. రంగపూర్ నిమ్మపై అంటుకట్టిన సాత్‌గుడి సున్నాన్ని బాగా తట్టుకుంటుంది.

పీహెచ్ తగ్గించడానికి గంధకం వేయమని సలహా ఇచ్చేవారు ఉన్నారు. ఒకసారి లెక్క చూడండి. ఎకరంలో పై అర అడుగు మట్టి బరువు సుమారు 9 లక్షల కిలోలు. అందులో సున్నం ఒక్క శాతమే ఉన్నా 9,000 కిలోలు. అంత సున్నాన్ని కరిగించాలంటే దాదాపు 2,900 కిలోల గంధకం కావాలి. సున్నం 5 శాతం ఉన్న నేల మాట ఇక చెప్పనక్కర్లేదు. తోట అంతా చల్లకుండా, పశువుల ఎరువుతో కలిపి డ్రిప్పర్ల కింద చిన్న గుంతల్లో వేస్తే ఆ గుంతల మేరకు కొంత ఉపయోగం ఉంటుంది. జిప్సం సంగతి వేరు. అది సోడియం ఎక్కువైన చౌడుకు మందు, సున్నానికి కాదు.

జింకు, మాంగనీసు, బోరాన్

ఇక్కడ పాత పద్ధతిదే పైచేయి. నిమ్మజాతి తోటలకు మన రాష్ట్రాల్లో ఎప్పటి నుంచో సిఫారసులో ఉన్న మిశ్రమం ఇది: లీటరు నీటికి జింకు సల్ఫేటు 5 గ్రాములు, మాంగనీసు సల్ఫేటు 2, మెగ్నీషియం సల్ఫేటు 2, అన్నభేది 2, బోరాక్స్ 1, సున్నం 6, యూరియా 10 గ్రాములు. సున్నం కలపడం సల్ఫేట్ల పులుపు ఆకును మాడ్చకుండా ఉండడానికి. కొత్త ఆకులు సగానికి పైగా విచ్చుకున్నా ఇంకా ముదరని దశలో చల్లాలి. ముదిరిన ఆకు మైనపు పొర మందును లోపలికి పోనివ్వదు.

చీలేటెడ్ జింకు పొట్లంలో 12 శాతం జింకు ఉంటుంది. వాడేది లీటరుకు అర గ్రాము నుంచి గ్రాము. అంటే ఆకుపై పడే జింకు లీటరుకు 60 నుంచి 120 మిల్లీగ్రాములు. 21 శాతం జింకు ఉన్న సల్ఫేటును 5 గ్రాములు వేస్తే 1,050 మిల్లీగ్రాములు. చీలేట్ సులువుగా కరుగుతుంది, ఆకును మాడ్చదు, ఇతర మందులతో కలుస్తుంది. ఈ సౌకర్యానికి డబ్బు ఇవ్వాలనుకుంటే ఇవ్వవచ్చు. తీవ్రమైన లోపం ఉన్న తోటలో మాత్రం సల్ఫేటు మిశ్రమాన్నే నేను ఎంచుకుంటాను. ఏడు సరుకులు విడివిడిగా తూచి కలిపే ఓపిక లేనివారికి బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ పంటవారీగా తయారు చేసిన ‘అర్క’ మిశ్రమాలు ఉన్నాయి. మామిడికి, అరటికి, కూరగాయలకు, నిమ్మజాతికి వేర్వేరుగా దొరుకుతాయి. పంట అవసరాన్ని చూసి పాళ్లు కట్టినవి కాబట్టి ఊరూపేరూ లేని పొట్లాల కంటే ఇవి చాలా మెరుగు.

బోరాన్ దగ్గర జాగ్రత్త. దాని కొరతకూ విషానికీ మధ్య దూరం చాలా తక్కువ, బోరాన్ ఎక్కువైతే నిమ్మజాతి అసలు తట్టుకోదు. పరీక్షలో తక్కువని తేలకుండా నేలకు వేయకండి.

ఇంకొక సంగతి. ఏళ్ల తరబడి డీఏపీ వేసిన తోటల్లో పేరుకున్న భాస్వరం జింకును అందనివ్వదు. పొటాష్ అతిగా వేస్తే మెగ్నీషియం అందదు. ఇలాంటి చోట లోపానికి మందు కొనడం కాదు, ఒక బస్తా మానేయడం.

నత్రజని: బస్తాకు సీసా సమానమా

నానో యూరియాను 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో చేర్చారు. అర లీటరు సీసా ఒక యూరియా బస్తాకు బదులవుతుందన్నది దాని ప్రచారం. మొదట వచ్చిన సీసాలో నత్రజని 4 శాతం, అంటే 20 గ్రాములు. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం, అంటే 20.7 కిలోలు. వెయ్యి రెట్ల తేడా. నేలలో వేసిన యూరియాలో మూడో వంతే చెట్టుకు దక్కిందనుకున్నా 7 కిలోలు దక్కినట్టు. సీసాలోని నత్రజని ఒక్క చుక్క వృథా కాకుండా చేరినా 20 గ్రాములే. తర్వాత వచ్చిన 20 శాతం సీసాలోనూ 100 గ్రాములకు మించదు.

దీన్ని బత్తాయి తోటకు అన్వయించండి. ఆరు మీటర్ల ఎడంలో ఎకరానికి 110 చెట్లు పడతాయి. కాపు చెట్టుకు ఏటా సిఫారసు చేసే నత్రజని కిలోకు పైమాటే. ఒక సీసా ఎకరమంతా చల్లితే చెట్టుకు అందేది 0.2 గ్రాము కూడా కాదు, కొత్త సీసా అయితే గ్రాముకు లోపే. చెట్టుకు అవసరమైన నత్రజనిని అది ఎలా తీరుస్తుందో నాకు ఏ లెక్కలోనూ కనబడదు. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రెండేళ్లు పరిశీలించినప్పుడు, యూరియా తగ్గించి నానో చల్లిన మడుల్లో వరి, గోధుమ రెండింటి దిగుబడీ పడిపోయింది. అవి ధాన్యపు పంటలే, అయినా మొక్క ఆకలి మొక్క ఆకలే.

ఆకు మీద నత్రజని ఇవ్వాల్సిన సందర్భాలు ఉంటాయి, వేరు దెబ్బతిన్నప్పుడో పిందె దశలోనో. అప్పుడు లీటరుకు 10 గ్రాముల మామూలు యూరియా చాలు. 200 లీటర్ల ట్యాంకులో 2 కిలోలు పడితే దాదాపు 920 గ్రాముల నత్రజని, ఖర్చు పన్నెండు రూపాయలు. అయితే యూరియాలో బైయూరెట్ అనే మలినం ఉంటుంది, 1.5 శాతం వరకు నిబంధనలు అనుమతిస్తాయి. నిమ్మజాతి ఆకు దానికి సున్నితం, పదేపదే చల్లితే ఆకు కొనలు పసుపెక్కి అలాగే ఉండిపోతాయి. చిగురు దఫాకు ఒకసారికి మించవద్దు.

నానో డీఏపీ లెక్క కూడా ఇలాంటిదే. అర లీటరులో నత్రజని 40, భాస్వరం 80 గ్రాములు. డీఏపీ బస్తాలో 9 కిలోలు, 23 కిలోలు. నారుకు వేర్లు ముంచడంలాంటి చిన్న అవసరాలకు పరీక్షించి చూడవచ్చు. కాపు తోటలో బస్తాకు బదులుగా కాదు.

యూరియా గోల్డ్ పేరుతో వచ్చిన గంధకం పూత యూరియా 40 కిలోల సంచిలో నత్రజని 37 శాతం, గంధకం 17 శాతం ఉంటాయి. నత్రజని నెమ్మదిగా విడుదలవుతుంది. గంధకం బాగా కోరుకునే ఉల్లికి, కర్నూలు రైతులకు ఇది పరిశీలించదగినది. ఇప్పటికే సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వేస్తున్న బత్తాయి తోటలో గంధకం కొరత ఉండదు గనుక ప్రత్యేకించి వెతకాల్సిన పని లేదు. వేపపూత సంగతి అడుగుతారేమో. 2015 నుంచి దేశంలో సాగుకు అమ్మే మామూలు యూరియా అంతా వేపపూతదే. అదనంగా వేపనూనె కొని పట్టించనక్కర్లేదు.

డ్రిప్పు ఉన్నవారికి

నేను మనసారా సమర్థించే కొత్త పద్ధతి ఫెర్టిగేషన్, అంటే డ్రిప్పు నీటితోనే ఎరువు ఇవ్వడం. ఎరువును ఏడాదికి రెండు మూడు దఫాలుగా కుమ్మరించకుండా కొద్దికొద్దిగా, పీచువేరు ఉన్న తడిలోనే ఇస్తే వృథా బాగా తగ్గుతుంది. ఎర్ర ఇసుక నేలల్లో ఈ లాభం ఇంకా ఎక్కువ. అయితే ఫెర్టిగేషన్ అంటే 19-19-19 కొనడమే అనుకోకూడదు. 25 కిలోల 19-19-19 సంచిలో ఒక్కో పోషకం 4.75 కిలోలే. యూరియా కూడా పూర్తిగా నీటిలో కరుగుతుంది. నత్రజనిని యూరియాతో, భాస్వరాన్ని పాదుకు సూపర్ ఫాస్ఫేట్‌తో గాని డ్రిప్పులో 12-61-0తో గాని, పొటాష్‌ను 0-0-50తో ఇచ్చుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది. తెల్ల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ ఇంకా చవక గాని అందులో క్లోరైడ్ ఉంది. బోరు నీరు ఉప్పగా ఉన్న చోట బత్తాయికి అది చేటు. కాయ ఊరే దశలో 13-0-45కు పెట్టే ఖర్చు సబబే.

కాల్షియం నైట్రేటును సల్ఫేట్లతోగాని, భాస్వరపు ఎరువులతోగాని ఒకే ట్యాంకులో కలపకండి. జిప్సంలాంటి గడ్డ కట్టి డ్రిప్పర్లు మూసుకుపోతాయి. ఏది కలిపినా ముందు మీ బోరు నీటితో ఒక గాజు సీసాలో కలిపి గంట ఆగి చూడండి. తెల్లగా కలక వస్తే కలపవద్దు. మొదట వట్టి నీరు, తర్వాత ఎరువు, చివర మళ్లీ వట్టి నీరు వదలాలి.

పాలిమర్ పూత గుళికలు తోటకు గిట్టుబాటు కావు. కడియం నర్సరీల్లాంటి చోట్ల, కుండీ మొక్కలకు అవి బాగా పనికొస్తాయి. వాటి మీద రాసిన నెలల లెక్క చల్లని వాతావరణానిది, మన వేసవిలో అంతకంటే ముందే ఖాళీ అవుతాయి. హ్యూమిక్ యాసిడ్, సముద్రపు నాచు సారం, అమైనో ఆమ్లాలు బయోస్టిమ్యులెంట్లు, ఎరువులు కావు. 2021లో వీటినీ ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు. ముందు అన్నీ సరిచేసుకుని, ఇంకా డబ్బు మిగిలితే చూడండి. భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియా వంటి జీవన ఎరువులు చవకే. తయారీ తేదీ చూసి, చివికిన పశువుల ఎరువుతో కలిపి తడి నేలలో వేయండి.

కొనే ముందు, కొన్నాక

ఏ కొత్త సరుకైనా మొదటి ఏడాది రెండు వరుసలకే వాడండి. పక్కన అదే నేల, అదే వయసున్న రెండు వరుసలకు పాత పద్ధతి కొనసాగించండి. ఆ పక్క వరుసలు లేకపోతే వాన వల్ల పచ్చబడ్డ ఆకును కూడా సీసా ఖాతాలో వేసుకుంటాం. పోలిక ఆకు రంగుతో ఆగకూడదు. కోతలో వరుసవారీగా కాయల బరువు, సైజు, మార్కెట్‌లో పలికిన ధర రాసుకోండి.

కొట్లో అడగాల్సింది: ఇందులో ఏ పోషకం ఎంత శాతం, చీలేట్ అయితే ఏ చీలేట్, లీటరుకు ఎంత, ఒక కిలో అసలు పోషకానికి నాకు పడే ధర ఎంత. లేబుల్ మీద శాతం లేకుండా ‘అన్నీ ఉన్నాయి’ అని మాత్రమే రాసి ఉంటే తీసుకోవద్దు. బిల్లు మీద బ్యాచ్ నంబరు వేయించుకుని, కాపు కోసేదాకా బిల్లునూ ఖాళీ సంచినీ దాచి ఉంచండి. సరుకుపై అనుమానం వస్తే మండల వ్యవసాయాధికారికి ఫిర్యాదు చేయడానికి ఆ బ్యాచ్ నంబరు కావాలి.